మంచు కింద తలుపు చప్పుడు

కాకిముక్కు దగ్గర చీకటి పడ్డాక బండి నడపొద్దని మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అక్కడ కొండ నిలువునా బైకాల్ సరస్సులోకి దిగిపోతుంది. ఒడ్డు నుంచి నాలుగు బారలు దాటితే చాలు, అడుగు అందదు. ఆ కింద మైలు లోతు. చలికాలంలో సరస్సంతా గడ్డకట్టి లారీలను మోస్తుంది — ఒక్క అక్కడ తప్ప. అడుగు నుంచి లేచే గాలిబుడగలు మంచును కింది నుంచే తినేస్తాయి. పైకి మాత్రం ఏమీ తెలియదు.

అదొక్కటే అయితే జాగ్రత్త పడేవాళ్లం, భయపడేవాళ్లం కాదు. అక్కడ ఏదో తడుతుంది... రాత్రిపూట, మంచు కింద నుంచి, ఎవరో తలుపు తట్టినట్టు. టక్... టక్... టక్...

సీల్ జంతువులు ఊపిరి కోసం గోళ్లతో మంచు గీకుతాయని, ఇది ఆ చప్పుడేనని కుర్రకారు కొట్టిపారేస్తారు. కొట్టిపారేసి వెళ్లి తలుపు గడియ పెట్టుకుంటారు. ఎందుకంటే ఆ చప్పుడు ఊరు మొదటిసారి విన్నది జాలరి గర్మా చనిపోయిన రాత్రే. అప్పటికింకా అతను పోయిన కబురు కూడా రాలేదు.

కబురు తెల్లారాక బాల్దాన్ తెచ్చాడు. అతనూ గర్మా కలిసి వలలు వేసేవాళ్లు. ఒంటరిగా, కాలినడకన, మోచేతుల దాకా గడ్డకట్టిన చొక్కాతో వచ్చి చెప్పాడు: గర్మా బండిలో తాగి, చలేసి తన వైపు తలుపు వేసుకుని నిద్రపోయాడు, మంచు విరిగింది, తను దూకాడు, గర్మా దూకలేకపోయాడు.

మంచు మీద బండి నడిపేటప్పుడు రెండు తలుపులూ తెరిచే ఉంచాలి. చలికి ముక్కు ఊడిపోయినా సరే, దూకడానికి దారి ఉండాలి. తలుపు వేసుకునేవాడిని మా దగ్గర మనిషి కింద లెక్కగట్టరు. అందుకే శవం దొరకని ఆ చావుకు ఏడ్చినవాళ్ల కంటే నవ్వినవాళ్లు ఎక్కువ. ‘తలుపేసుకున్న గర్మా’ అని పేరు పెట్టారు. శవం ఎలాగూ దొరకదు — ఒక్కపూట వల తీయడం ఆలస్యమైతే చేపకు ముల్లు తప్ప మిగల్చని రొయ్యపురుగులున్న నీళ్లవి.

గర్మా భార్య దొల్గోర్ ఆ పేరు రెండేళ్లు భరించింది. చేపలు అమ్మేచోట, టీ పొయ్యి దగ్గర, పెళ్లిలో... ఎక్కడికి పోయినా ఆ మాటే. తన మొగుడు మంచు మీద కునుకు తీసే మనిషి కాదని ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం? చూసినవాడు బాల్దాన్ ఒక్కడే. తిండి గడవాలి కాబట్టి గర్మా వాళ్ల తాతల నాటి వల చోటులో ఆ బాల్దాన్‌తోనే కలిసి వలలు లాగుతోంది.

ఆ రోజు వలలు తీసేసరికి పొద్దు గుంకింది. దొల్గోర్ కొండల మీద మబ్బు ఒరగడం చూసింది. సర్మా గాలి వస్తోంది... మనుషుల్ని మంచు మీద ఈడ్చుకుపోయే గాలి. ఎప్పుడూ వెళ్లే దారిలో మధ్యాహ్నమే బండి పట్టేంత పగులు విచ్చుకుంది. ఇక మిగిలింది కాకిముక్కు దారి.

“ఇక్కడే బండిలో పడుకుందాం వదినా,” అన్నాడు బాల్దాన్.

“పడుకుంటే పొద్దున్నే లేచేది ఎవరు? పోనీ, పోనీ. దెయ్యానికి భయపడితే నేను భయపడాలి, అది నా మొగుడు,” అంది దొల్గోర్.

ముందు తలుపులు రెండూ తాళ్లతో తెరిచికట్టి, చేపలు జారకుండా వెనక రేకు తలుపుకు లోపల్నుంచి కొక్కెం వేసి బయల్దేరారు. మొహం మీద చలి కత్తి పెట్టి గీసినట్టుంది. దూరంగా ఎక్కడో మంచు పగులుతూ ఎద్దులా రంకె వేసింది. కాకిముక్కు నల్లగా దగ్గరపడింది. అక్కడ ఆగి, సరస్సు దేవుడికి నాలుగు చుక్కలు సారా చిలకరించి పోవడం రివాజు. బాల్దాన్ ఆపలేదు.

టక్.

బాల్దాన్ బండి వేగం పెంచాడు.

టక్... టక్...

“వదినా... నీ తలుపు వేసెయ్.”

“మంచు మీదా? మతి పోయిందా?”

అతను తన వైపు తాడు తెంపి తలుపు లాక్కున్నాడు. గడియ పడింది.

“వస్తున్నాడు... వింటున్నావా... పక్కనే వస్తున్నాడు...”

“అది నీ గునపం బాల్దాన్! వెనక రేకుకు కొట్టుకుంటోంది. పొద్దుట్నుంచీ కొట్టుకుంటూనే ఉంది!”

అది అతని చెవికెక్కలేదు. “పిడి పట్టుకుంటాడు,” అన్నాడు గొణుగుతూ. “అప్పుడూ వదల్లేదు. వేళ్లు విరగ్గొట్టినా వదల్లేదు...”

దొల్గోర్ అతని వైపు తిరిగింది.

“ఏమన్నావ్?”

“వల చోటులో నా వాటా వదిలెయ్యమన్నాడు. రేపట్నుంచి నువ్వొద్దన్నాడు... మంచు విరగ్గానే నేను దూకాను. వాడి వైపు తలుపు మంచుకు నొక్కుకుపోతే నా వైపు నుంచే దూకబోయాడు. గునపంతో వేళ్ల మీద కొట్టాను. తలుపు నేనే మూసి, పిడికి గునపం అడ్డం పెట్టాను. వెంటనే మునగలేదు వదినా. వెనకభాగం మంచుకు చిక్కుకుంది. లోపల్నుంచి కొట్టాడు... కొట్టాడు... ఆగేదాకా నేను అక్కడే కూర్చున్నాను.”

ఆమె అరవలేదు. అతని మొహం మీద పడింది. గోళ్లు కంటి కింద దిగాయి. అతను మోచేత్తో ఆమె నోటి మీద పొడిచాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదే గడ్డకట్టింది. ఆమె అతని మణికట్టు కొరికి పట్టుకుంది. బండి గింగిరాలు తిరిగింది. “తలుపు వెయ్యనివ్వవే!” అని కేకపెట్టి, కాళ్లు రెండూ ముడిచి ఆమె డొక్కలో తన్నాడు. దొల్గోర్ తెరిచి ఉన్న తలుపులోంచి మంచు మీద పడి, దొర్లి, దొర్లి ఆగింది.

తలెత్తేసరికి ఆమె వైపు తలుపు కూడా లాక్కున్నాడు. బండి ఇంకాస్త దూరం పోయింది. తర్వాత ముక్కు వంచుకుని కిందికి కూలబడింది. ముందు భాగం నీళ్లలో, వెనకభాగం మంచు అంచుకు చిక్కుకుని పైన.

వాణ్ని చంపాలని ఇప్పుడే కదా అనుకుంది. కానీ లేచి కుంటుకుంటూ అటే పరిగెత్తింది. బాల్దాన్ బతకాలి. ఊరి ముందు నిలబడి ఇప్పుడన్న మాట మళ్లీ అనాలి. వాడు మునిగితే గర్మా పేరు కూడా వాడితోనే మునుగుతుంది.

వెనక తలుపుకు లోపల్నుంచి కొక్కెం. దాన్ని తీస్తే చాలు.

“కొక్కెం తియ్!” రెండు పిడికిళ్లతో రేకు మీద బాదింది. “తియ్యరా! బయటికి రా!”

లోపల నీళ్ల చప్పుడు... దానిలోంచి బాల్దాన్ గొంతు:

“పో! పో గర్మా! రాను... నేను తియ్యను!”

“గర్మా కాదు, నేను! దొల్గోర్‌ని!”

బాదింది. చేతుల తోలు ఊడి రేకుకు అంటుకుంది. బాదుతూనే ఉంది. లోపల అతను కొక్కేన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాడని ఆమెకు తెలిసిపోతోంది... తలుపు వణికింది గానీ ఊడలేదు. కాళ్ల కింద మంచు కిర్రుమంది. ఆమె వెనక్కి పాకింది. బండి మెల్లగా, అడ్డొచ్చినవాళ్లెవరూ లేనట్టు, దిగిపోయింది.

గాలి మొదలయ్యేసరికి ఆమె ఊరి చివరి ఇంటికి చేరింది. బుతిద్ అవ్వ ఇల్లు. దీపం వెలుగుతోంది. తలుపు తట్టింది.

దీపం ఆరిపోయింది.

“పో నాయనా గర్మా,” లోపల్నుంచి ముసలి గొంతు వణికింది. “మేమేం చేశాం నిన్ను? పో తండ్రీ...”

“అవ్వా, నేను దొల్గోర్‌ని.”

చాలాసేపటికి గడియ జారింది. అవ్వ ఆమె మొహం చూసింది, చేతులు చూసింది.

“ఇందాకట్నుంచి మంచు మీద కొట్టింది...”

“నేనే.”

“అయ్యో తల్లీ! గర్మానే అనుకున్నామే. ఊరంతా విన్నాం. అందరం తలుపులు బిగించుకుని కూర్చున్నాం, ఆ మొదటి రాత్రి లాగే—”

అవ్వ కాకిముక్కు వైపు చూసింది.

“తాగి నిద్రపోయినవాడు అంతసేపు కొడతాడా అవ్వా?” అంది దొల్గోర్. “తలుపు ఆయన వేసుకోలేదు. బాల్దాన్ వేశాడు. మనకు వినపడ్డప్పుడు... గర్మా అప్పటికి బతికే ఉన్నాడు.”

అవ్వ గోడకు ఆనుకుని కూలబడింది.

“నేనూ విన్నాను,” అంది దొల్గోర్. ఆమెకు ఏడుపు అప్పుడొచ్చింది. “దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను అవ్వా.”

గాలి ఒక్క క్షణం ఆగింది. కాకిముక్కు వైపు నుంచి... టక్... టక్... టక్...

అవ్వ చెయ్యి అలవాటుగా గడియ మీదికి పోయింది. దొల్గోర్ ఆ చెయ్యి పట్టుకుంది.

“ఈసారి ఎవరు కొట్టినా వెళ్లాలి. తాడు ఇవ్వు అవ్వా,” అంది.