ఎనిమిదో మైలు వంతెన

పట్టపగలు పదిన్నరకి, ఏలూరు స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద, డ్రాఫ్ట్స్‌మన్ శేషగిరిరావు కాఫీ తాగుతూ తాగుతూ చచ్చిపోయాడు.

ముందు గ్లాసు జారింది. తరవాత మనిషి జారాడు. పోర్టరు పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంటే, పెదవులు కూడదీసుకుని ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఎనిమిది."

అది 1938 ఫిబ్రవరి. మర్నాడు మధ్యాహ్నం మద్రాసు నుంచి షేక్ నాగూర్ అదే ప్లాట్‌ఫారం మీద దిగాడు. వయసు ముప్ఫై నాలుగు. ఒకప్పుడు మద్రాసు ట్రాముల్లో కండక్టరు. జనంతో కిక్కిరిసిన ట్రాములో ఎవడో వదిలిపోయిన బాంబు సంచీని ఎత్తి కూవం నదిలోకి విసిరేసిన రోజు నుంచి అతని ఉద్యోగం మారింది. రవాణా శాఖలో కాగితాల మీద ఎక్కడా కనిపించని సెక్షన్ ఒకటి ఉంది. జీతం అక్కడ, ప్రాణం ఎక్కడో.

తంగెళ్ళమూడిలో ఇమాం సాహెబ్ తివాచీల దుకాణం ముందు ఆగాడు.

"ఎర్ర ఉన్ని దొరుకుతుందాండీ?"

"దొరుకుతుందండి. కాకపోతే ఎండకి వెలిసిపోతుంది," అన్నాడు ముసలి ఇమాం సాహెబ్ తలెత్తకుండానే, మగ్గాల వెనక గది వైపు చెయ్యి చూపించి.

గదిలో సెక్షన్ పెద్ద అమరేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. పలకరింపులు లేవు.

"ఏలూరు నుంచి ఆకివీడుకి, కొల్లేటి మీదుగా, బ్యాటరీ ట్రాము. పైన తీగలుండవు, పొగ ఉండదు. ఆ ఒండ్రు మీద మామూలు రైలు వేస్తే కుంగిపోతుందని అందరూ వదిలేశారు. మన ఇంజనీరు హనుమంతరావు గారు తాటిదూలాలు తెప్పలా పరిచి, దాని మీద పట్టాలు వేశారు. బండి బరువు సగానికి తగ్గించారు. ఎల్లుండి పదకొండు గంటలకి ట్రయల్ రన్."

"ఎవరికి కంటగింపు సార్?"

"బ్రెనర్ అని ఒకడు. పాస్‌పోర్టులు మూడు. ఏ దేశం వాడో ఏ దేశానికీ తెలీదు. బస్సులమ్మే సిండికేటు తరఫు మనిషి. వీళ్ళు అడుగుపెట్టిన ఊళ్ళో ముందు ట్రాముకి ప్రమాదం జరుగుతుంది. తరవాత ట్రాములకి కాలం చెల్లిందని పేపర్లో వస్తుంది. ఆపైన పట్టాలు పీకేస్తారు, బస్సులు దిగుతాయి."

"బస్సులూ మంచివేగా సార్."

"మంచివే, రోడ్డున్న చోట. కొల్లేటి లంకల్లో వానాకాలం దోనె తప్ప దిక్కు లేదు నాగూర్. కాన్పు కష్టమైన మనిషిని ఏలూరు ఆస్పత్రికి చేర్చాలంటే ఒక పూట పడుతుంది. చాలామంది దారిలోనే పోతున్నారు. ట్రాము గంటలో చేరుస్తుంది."

నాగూర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ ట్రాము డ్రాయింగులు గీసిన శేషగిరిరావు పోతూ అన్న ఎనిమిది అంటే ఎనిమిదో నంబరు డ్రాయింగు అనుకుంటున్నాం. బ్యాటరీ రహస్యమంతా అందులోనే ఉంది. దాన్ని కాపాడండి. ముఠాలో మనకో ఇన్ఫార్మర్ ఉన్నారు. కోడ్ నేమ్ పిచ్చుక. ఎవరన్నది మీకు తెలియక్కర్లేదు."

వెళ్ళేముందు ఇమాం సాహెబ్ రెండు వస్తువులు చేతిలో పెట్టాడు. ఒక్క గుండు పేల్చే ఫౌంటెన్ పెన్ను, కాడలో ఆకురాయి దాచిన కళ్ళద్దాలు.

*

ట్రయల్ రన్ రోజు పొద్దున్న, తెచ్చిపెట్టుకున్న గడ్డంతో, భుజాన తివాచీ చుట్టతో, నాగూర్ ట్రాము షెడ్డులోకి నడిచాడు. అతిథుల కాళ్ళ కింద పరచడానికి ఏలూరు తివాచీ తెచ్చిన వ్యాపారిని ఎవరు ఆపుతారు?

ఆకుపచ్చ రంగు ట్రాము తళతళలాడుతోంది. వెనక దానికి తగిలించిన ఐసు వ్యాగను. కొల్లేటి చేపలు ఎండకి పాడవకుండా ఏలూరు తేవడానికి చేసింది. రెండు పొరల చెక్కగోడలు, మధ్యలో రంపపు పొట్టు.

ట్రాము మెట్టు మీద తాడేపల్లిగూడెం రత్నమాల నిలబడి ఉంది. గ్రామఫోను ప్లేట్లతో రెండు జిల్లాల్లో పేరు మోగుతున్న గాయని. నెమలికంఠం రంగు పట్టుచీర, చెవులకి రవ్వల దుద్దులు. ట్రాము కదిలేటప్పుడు ప్రార్థన పాట ఆమెదే.

"ఏవండీ సాయిబు గారూ," పిలిచింది మెత్తగా. "ఒక్కసారి ఇలా వస్తారా? డ్రాయింగు పెట్టె గురించి మాట్లాడాలండి."

నాగూర్ ఆమె వెనకే వ్యాగను చాటుకి వెళ్ళాడు. వెళ్ళకూడదని తెలుసు. డ్రాయింగు అన్న మాట లాక్కుపోయింది.

వీపుకి రివాల్వరు చల్లగా తగిలింది.

"దయచేసి లోపలికి వేంచేయుడు," అన్నాడు బ్రెనర్. పొడుగాటి మనిషి, తెల్ల సూటు. తెలుగు ఏ వ్యాకరణం పుస్తకంలోనో నేర్చినట్టుంది. అతని మనుషులిద్దరు నాగూర్ పెన్నూ కళ్ళద్దాలూ లాగేసుకున్నారు. గడ్డం కూడా ఊడబెరికారు.

"డ్రాయింగు తీసుకుని పో," అన్నాడు నాగూర్. "నన్ను కాల్చి పో."

"డ్రాయింగు నాకేల? మీ బ్యాటరీతో నాకు పని లేదు. తుపాకి గుండు సాక్ష్యము చెప్పును. ప్రమాదము చెప్పదు." బ్రెనర్ రత్నమాల వైపు తిరిగాడు. "మీరును, అమ్మా. ఇరుపక్షములకు ఉత్తరములు వ్రాయు హస్తము నాకు అక్కరలేదు."

 ఆమె అరవబోయేలోగా ఇద్దర్నీ లోపలికి తోశారు. వెనకే తివాచీ చుట్టా వచ్చి పడింది. తలుపు మూసుకుంది. బయట అడ్డగడియ పడింది.

*

లోపల చీకటి. ఎముకలు కొరికే చలి. ట్రాము గంట ఎక్కడో పక్క ఊళ్ళో మోగినట్టు వినిపించింది. నేల కుదిపింది. బండి కదిలింది.

నాగూర్ తలుపు తడిమాడు. లోపలివైపు పిడి లేదు. భుజంతో గుద్దాడు, కాళ్ళతో తన్నాడు, గొంతు చించుకుని అరిచాడు. రంపపు పొట్టు ఆ అరుపంతా తాగేసింది. ఊపిరి బరువెక్కింది. పెట్టెలో పెట్టి మేకులు కొట్టినట్టుంది. అతనికి భయం వేసింది. పదిమందిలో వేసే భయం వేరు, మూసిన చీకట్లో వేసే భయం వేరు.

ఆ భయాన్ని అణచుకోవడానికి అలవాటైన పని మొదలెట్టాడు. పట్టాల అతుకుల మీద చక్రం టక్కుమన్నప్పుడల్లా లెక్కపెట్టాడు. ముప్ఫై అడుగులకి ఒక అతుకు. నూటడెబ్బై ఆరు అతుకులు ఒక మైలు. మైలుకో వేలు మడుస్తూ పోయాడు.

మొదటి వేలు మడిచేసరికి చీకట్లోంచి గొంతు వినిపించింది.

"ఎర్ర ఉన్ని దొరుకుతుందాండీ?"

నాగూర్ లెక్క ఆపకుండానే ఆ గొంతు వైపు తిరిగాడు.

"ఎండకి వెలిసిపోతుంది," అన్నాడు మెల్లగా. "పిచ్చుక మీరా?"

"నేనేనండి. వాడు నన్ను అనుమానిస్తున్నాడని నిన్న సాయంత్రమే తెలిసింది. మీకు చెబుదామనే పిలిచాను. వెనకే వస్తాడనుకోలేదండి."

"శేషగిరిరావుని ఎవరు చంపారు?"

 టక్, టక్, టక్.

"ఆ కాఫీ నా చేత్తోనే ఇచ్చానండి," అంది. "నిద్రమందు అన్నారు. అతను పడుకుంటే సంచీలో కాగితాలు చూస్తామన్నారు. వాళ్ళ నమ్మకం పోకూడదని ఇచ్చాను. అతను నాకు నమస్కారం పెట్టి మరీ తీసుకున్నాడండి."

 ఆమె పళ్ళు చలికి టకటకలాడుతున్నాయి. నాగూర్ తివాచీ విప్పి సగం ఆమె మీద కప్పాడు, సగం తాను కప్పుకున్నాడు.

"ముందు పెట్టెలో మా అమ్మ ఉందండి. రత్నాంబ. వాడే దగ్గరుండి ఎక్కించాడు. నా గొంతు బాగోలేదని చెప్పి ఉంటాడు, లేకపోతే పాట లేకుండా బండి కదలదండి. ఈ బండికి ఏం చేస్తాడంటారు?"

"డ్రాయింగు అక్కర్లేదన్నాడు. మరి ఎనిమిదంటే?"

నాగూర్ మంచుదిమ్మల మీద చేతులు వేశాడు. పై వరస మంచే. కింద చెయ్యి పెడితే గోనెసంచీ తగిలింది. గోటితో చీరాడు. వేళ్ళ సందుల్లోంచి ఇసుక జారింది. దాని కిందా సంచే. గోడ నుంచి గోడ దాకా సంచులే.

"ఇసుక! మంచు మాత్రమే ఉండాల్సిన వ్యాగనులో టన్నుల కొద్దీ ఇసుక పెట్టారు. ఎందుకు?" అతను తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "బరువుకి కూలిందనిపించడానికి. ఏం కూలాలి? రత్నమాల గారూ, ఈ దారిలో వంతెనలు ఎన్ని?"

"ఒక్కటేనండి. పెద్ద కాలవ మీద. గత వారం బ్రెనర్ మనుషులు కూలీల వేషంలో అక్కడ తారు పూశారు. శేషగిరిరావు గారు అప్పుడే అటు కొలతలకి వెళ్ళారండి."

"ఎన్నో మైలు?"

 "ఎనిమిదో మైలు."

అప్పటికి నాగూర్ ఐదు వేళ్ళు మడిచి ఉన్నాడు. మూడు మైళ్ళు. గంటకి పదిహేను మైళ్ళ వేగం. అంటే పన్నెండు నిమిషాలు.

*

మంచు కరుగుతోంది. కాళ్ళ కింద నీళ్ళు. ఆ నీళ్ళు ఎటో పోతున్నాయి.

"నీళ్ళెటు పోతున్నాయో చూడండి!" అన్నాడు నాగూర్. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకారు. నీటి జాడ ముందు మూలకి తీసుకెళ్ళింది. అక్కడ రెండు మంచుదిమ్మలు, ఒక ఇసుక సంచీ అడ్డం. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఇద్దరూ కలిసి లాగారు. దిమ్మల మధ్య, మంచు పగలగొట్టే ఇనుప సూది గడ్డకట్టుకుపోయి ఉంది. సంచీ కదిలింది. కింద నుంచి వెలుతురు చిమ్మింది.

నీళ్ళు పోయే తూము. గాజుల చెయ్యి పట్టేంత. బోర్లా పడుకుని నాగూర్ చూశాడు. తాటిదూలాలు గిర్రున వెనక్కి పోతున్నాయి. ట్రాముకీ వ్యాగనుకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఊగుతోంది.

"గాలి బ్రేకు," అన్నాడు. "గొట్టంలో గాలి నిండుగా ఉన్నంతసేపే చక్రాలు వదులుగా ఉంటాయి. గాలి పోయిందా, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి."

చెయ్యి దూర్చాడు. మణికట్టు దగ్గరే ఇరుక్కుంది. తోశాడు. చర్మం లేచిపోయింది గానీ చెయ్యి దిగలేదు.

రత్నమాల గాజులు తీసి పక్కన పెట్టింది. "లేవండి," అంది. "ఆ సూది ఇలా ఇవ్వండి."

మోచెయ్యి దాకా దిగింది. చాలలేదు. చెంప నేలకి ఆనించి భుజం దాకా తోసింది. తూము అంచు రేకు కండలోకి దిగి రక్తం కారింది. మొదటి పోటు గాలిలో పోయింది. రెండోది గొట్టం మీద జారింది.

నాగూర్ ఏడో వేలు మడిచి చాలాసేపైంది. "పదమూడు వందల నలభై," అన్నాడు. పధ్నాలుగు వందల ఎనిమిదితో ఎనిమిది మైళ్ళు పూర్తి.

"కనపడటం లేదండి!"

"చూడకండి. తాకండి. కుడివైపు... ఇంకాస్త... అదీ! పొడవండి!"

పొడిచింది. రబ్బరు సాగింది, తెగలేదు. "పధ్నాలుగు వందలు." సూదిని మెలితిప్పి, "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి ఒళ్ళంతా బరువేసి తోసింది.

బుస్సుమని గాలి లేచింది.

చక్రాలు కీచుమన్నాయి. ఇసుక సంచులు ముందుకి దొర్లాయి. నాగూర్ ఆమె మీదికి దొర్లబోయిన సంచీకి వీపు అడ్డం పెట్టాడు. ఒక అతుకు. రెండు. మూడు. నాలుగు. బండి ఇంకా జారుతోంది. ఐదు. ఆరో అతుకు వినిపించలేదు.

అంతా నిశ్శబ్దం. దూరంగా గూడబాతుల అరుపులు.

*

డ్రైవరు కృపావరం బ్రేకు ఎందుకు పట్టిందో చూడటానికి దిగి వెనక్కి వచ్చాడు. వ్యాగను కింద ఒక ఆడచెయ్యి వేలాడుతోంది. రక్తం కారుతోంది. పిడికిట్లో ఇనుప సూది. "ఓరి దేవుడో!" అని కృపావరం అడ్డగడియ లాగేశాడు.

ట్రాము ముందు చక్రాలు వంతెనకి నాలుగు గజాల ఇవతల ఉన్నాయి. ఇంజనీరు హనుమంతరావు వంగి ఒక బోల్టు పట్టుకున్నాడు. రెండు వేళ్ళతో లాగితే ఊడొచ్చింది. తారు పూసిన కర్ర ముక్క. దాన్ని అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. బండిలోని నలభై మంది దిగి, కింద నీళ్ళకేసి చూశారు.

అవతలి గట్టు మీద ఒక కొత్త మోటారు బస్సు. దాని ముందు స్టాండు మీద కెమెరా. ట్రాము కూలడాన్ని ఫొటో తీసి పత్రికలకి పంపడానికి బ్రెనర్ ఆ బస్సులోనే గట్టు దారిన ముందే వచ్చి కాచుక్కూర్చున్నాడు. సంగతి గ్రహించి బస్సెక్కి గిర్రున తిప్పాడు. వెనక చక్రాలు గట్టు దిగి ఒండ్రులో ఇరుసు దాకా దిగబడ్డాయి. లంకల జనం దోనెల్లో చుట్టూ చేరారు.

"మహాశయులారా!" బ్రెనర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఈ శకటమును కొంచెము నెట్టుదురా?"

"ఎటు నెట్టమంటారండీ?" అన్నాడొక పెద్దాయన మర్యాదగా. "ఎటు నెట్టినా కొల్లేరేనండి."

రత్నాంబ కూతురి చేతికి తన కొత్త పట్టుచీర కొంగు చింపి కట్టింది. కట్టు కట్టడం అయ్యాక రత్నమాల నాగూర్ వైపు తిరిగింది.

"శేషగిరిరావు గారి సంగతి కోర్టులో నేనే చెబుతానండి. ఎంత శిక్ష పడితే అంత పడనీండి."

"నేను చూసిందీ నేను చెబుతాను," అన్నాడు నాగూర్. అంతకు మించి మాట ఇచ్చే అధికారం అతనికి లేదు. ఆమె తల ఊపి, తల్లి చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చుంది.

వారం తరవాత, జలుబుతో ముక్కు చీదుకుంటూ నాగూర్ రిపోర్టు రాస్తుంటే, అమరేశ్వరరావు ఒక పత్రిక ముందు పెట్టాడు. కేసు కోర్టుకి వచ్చేదాకా అసలు సంగతి బయటికి పొక్కకుండా దాచారు కాబట్టి పాఠకుల లేఖల్లో ఒకాయన మండిపడుతూ రాశాడు: మొదటి రోజే నడిదారిలో మూడు గంటలు ఆలస్యమా? సమయపాలన తెలియని వాళ్ళకి ట్రాములెందుకు?

"దీనికి జవాబివ్వాలి నాగూర్. ఏం రాద్దాం?"

నాగూర్ గట్టిగా ఓ తుమ్ము తుమ్మాడు.

"క్షమించమని రాయండి సార్. ఈసారి నుంచి శత్రువుల్ని కాస్త ముందుగా రమ్మంటాం."