శీతకుండ

పూర్వం రత్నకూట రాజ్యంలో తాటికోట అనే చిన్న పట్టణం ఉండేది. అక్కడ రాజభవనం తప్ప అన్నీ తాటాకు ఇళ్లే. ఒక కప్పు అంటుకుంటే వీధంతా బూడిదయ్యేది. అందుకని ఆ ఊరివాళ్లు ఒక దండు కట్టుకున్నారు. ఇంటికొక మనిషి, మనిషికొక కుండ. డప్పు మోగగానే నలభైమంది వాగు నుంచి మంట దాకా బారులు తీరి, నీళ్ల కుండల్ని చేతికి చేయి అందించేవారు. ఎండాకాలం వస్తే ముసలివాళ్ల ఇళ్ల కప్పుల్ని వాళ్లే తడిపేవారు. దాన్ని కుండల దండు అనేవారు. దండులో ఒక కట్టుబాటు ఉంది: ఊరు దాటేవాళ్లు తమ కుండను ఇంకొకరి చేతిలో పెట్టి మరీ వెళ్లాలి. బారులో ఖాళీ ఉండకూడదు.

మంటకు ఎదురుగా మొదటి చోట నిలిచేవాడు కుమ్మరి సూరన. రాజు విజయకేతుడు అతని చేతికి వెండి కడియం తొడిగాడు. అతను నడిచి వెళుతుంటే పిల్లలు వెంట పరిగెత్తేవారు.

తొమ్మిదో చోట కట్టెలు కొట్టే వీరన కూతురు చెంగల్వ నిలిచేది. బారు వీధి మలుపు తిరిగేది అక్కడే. అక్కడి నుంచి ఆమెకు మంట కనబడదు. ఆమె ఎవరికీ కనబడదు. ఆ కడియం తళుక్కుమన్నప్పుడల్లా చెంగల్వకు కడుపు రగిలిపోయేది. ‘నా చేతులకేం తక్కువ?’ అనుకునేది.

ఒకనాడు జ్వాలాజిహ్వుడనే రాక్షసుడు ఊరి మీద పడి మూడిళ్లు మింగేశాడు. ఎన్ని కుండలు పోసినా ఆ మంట ఆరలేదు. “పదోరోజు మిట్టమధ్యాహ్నం వస్తాను. మొత్తం ఊరిని నమిలేస్తాను!” అని అరిచి ఎగిరిపోయాడు.

రాజగురువు ఉపాయం చెప్పాడు. “ఉత్తరాన మూడు కొండల అవతల చలిమడుగులో శీతకుండ ఉంది. వాడిని చల్లార్చేది ఆ నీరొక్కటే.”

“సూరన వెళతాడు,” అన్నాడు రాజు.

చెంగల్వ పళ్లు కొరికింది. ‘మళ్లీ సూరనేనా!’ తెల్లవారుతుండగా, అతనికంటే ముందే, ఎవరితోనూ చెప్పకుండా బయలుదేరింది. ఆమె కుండ ఇంట్లో చిలక్కొయ్యకే వేలాడుతూ ఉండిపోయింది.

మొదటి కొండ మీద బూడిదరంగు ఎలుగుబంటి అడ్డం వచ్చింది. “అబద్ధమాడితే నమిలేస్తాను. ఎందుకొచ్చావే పిల్లా?”

“ఊరిని కాపాడటానికి...” అనబోయి చెంగల్వ ఎలుగుబంటి గోళ్లు చూసింది. “ఊరూ కావాలి. సూరన చేతి కడియమూ కావాలి. నిజం చెప్పాలంటే కడియమే ఎక్కువ కావాలి.”

ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇంత కుళ్లు దాచుకోకుండా చెప్పినదాన్ని నిన్నే చూశాను. పో!”

రెండో కొండ దగ్గర అగాధమంత లోయ. అంచున ఒక రాక్షసి కూర్చుని జుట్టు చిక్కు తీసుకుంటోంది. అవతలి ఒడ్డున ఆమె చెల్లెలు కునుకు తీస్తోంది. చెల్లెలి కేసి ఆ రాక్షసి చూసే చూపును పోల్చుకోవడానికి చెంగల్వకు క్షణం పట్టలేదు. తను సూరన కేసి చూసే చూపే అది.

“అక్కా, బండలు విసరడంలో మీ చెల్లెలిని మించినవాళ్లు లేరటగా!” అంది అమాయకంగా.

“ఎవరే ఆ కూత కూసింది?” రాక్షసి దిగ్గున లేచింది. “దాని మొహం! ఇదిగో చూడు!” అని కొండచరియ పెకలించి విసిరింది. చెల్లెలు ఉలిక్కిపడి లేచి, “నామీదకే విసురుతావా?” అని తనూ విసిరింది. జాము గడిచేసరికి లోయ సగం పూడిపోయింది. ఇద్దరూ ఆయాసంతో చతికిలబడ్డారు. చెంగల్వ ఆ బండల మీదుగా దాటిపోయింది.

మూడో కొండ దిగగానే చలిమడుగు వచ్చింది. అందులోంచి పల్లకీ అంత తాబేలు తల ఎత్తింది. దాని వీపు మీద శీతకుండ ఉంది.

“తీసుకో తల్లీ. నేల తాకిస్తే నీరు ఇంకిపోతుంది. పద్దెనిమిదిమంది రాజకుమారులు వచ్చారు. ఎవరూ నూరడుగులు దాటలేదు. చేతులు కొయ్యబారి దించేశారు.”

కుండ ఎత్తగానే చెంగల్వకు ఎముకల్లోకి చలి దిగింది. నూరు దాటింది. నూటయాభై దాటింది. కడియాన్ని తలుచుకుంటూ నూట అరవై దాటింది. వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. అప్పుడే ఎదురుగా సూరన రొప్పుతూ వచ్చాడు.

“ఇలా ఇయ్యి.”

“నువ్వు తెచ్చావని చెప్పుకోవడానికా? చచ్చినా ఇవ్వను!”

“చెంగల్వా, నాకెందుకు ఆలస్యమైందో తెలుసా? నువ్వు వెళ్లిన రోజే పోచవ్వ ఇల్లు అంటుకుంది. మలుపులో నువ్వు లేవు. కుండలన్నీ అక్కడే జారి పగిలాయి. అవ్వను ఎలాగో బయటికి లాగాను. ఇల్లు మిగల్లేదు.”

పోచవ్వ చెంగల్వ వాళ్ల పొరుగు ముసలమ్మ. సూరన చేతులు చాచాడు. కడియం కిందకి జారింది. దాని కింద చుట్టూ నల్లగా కాలిన మచ్చ, దాని మీద పచ్చిపుండు.

“ఇదేమిటి?”

“వెండి కదా, మంట దగ్గర కాగిపోతుంది. రాజుగారి బహుమానం, తీయకూడదట.”

ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది దీన్ని చూసా! చెంగల్వ కుండ అందించింది. అతని చేతులు మొద్దుబారేసరికి తను అందుకుంది. నూరడుగులకొక చేయి మారుతూ బండలు దాటి మొదటి కొండ చేరారు. పదోరోజు పొద్దెక్కుతోంది. ఎలుగుబంటి ఇద్దరినీ చూసి, “కడియం దొరికిందా పిల్లా?” అంది.

“నాకొద్దు. త్వరగా ఊరు చేర్చు, నీకు పుణ్యముంటుంది!”

ఎలుగుబంటి ఇద్దరినీ వీపు మీద ఎక్కించుకుని గాలిలా పరిగెత్తింది. కుండ ఇద్దరి మధ్యా చేతులు మారుతూనే ఉంది.

“ఇంకో సంగతి,” అన్నాడు సూరన. “మలుపులో కుండ తిప్పడం అందరివల్లా కాదు. నువ్వు అక్కడుంటే నేను వెనక్కి చూడక్కర్లేదు. నిన్ను ఆ చోట పెట్టమని అడిగింది నేనే.”

“అంటే నన్ను ఆ మూలన పడేసింది నువ్వా!” కుండ చేతిలో లేకపోతే చెంగల్వ అతన్ని కిందకి తోసేసేదే.

ఊరు చేరేసరికి జ్వాలాజిహ్వుడు నడివీధిలో నిలబడి నాలుక చాస్తున్నాడు. ఎలుగుబంటి మంటకు జడిసి వాగు దగ్గరే ఆగిపోయింది. శీతకుండ పట్టుకుని వాగు నుంచి ఆ చివరికి ఇద్దరే చేతులు మార్చుకుంటూ నడిచేంత సమయం లేదు. కానీ డప్పు మోగుతోంది, బారు నిలిచే ఉంది. కుండను వాగు దగ్గరి మనిషికి అందించి, సూరన మొదటి చోటికి, చెంగల్వ తొమ్మిదో చోటికి పరిగెత్తారు. అక్కడి నుంచి అది చేతికి చేయి మారుతూ వచ్చింది. ఎవరి వేళ్లూ గడ్డకట్టే వ్యవధి లేదు. మలుపులో చెంగల్వ చుక్క ఒలకకుండా తిప్పి అందించింది. సూరన గురి చూసి చల్లాడు. బుస్సుమని ఆవిరి లేచింది. రాక్షసుడు గుప్పెడు బొగ్గై రాలిపడ్డాడు.

రాజు చెంగల్వను దండుకు నాయకురాలిని చేసి, బంగారు కడియం తెప్పించాడు.

“ప్రభూ, దాన్ని డప్పు గుంజకు వేలాడదీయండి. సూరన కడియం కూడా,” అంది ఆమె. “పోచవ్వ ఇల్లు నేను కట్టిస్తాను, తప్పు నాది. ఇంకొక మాట. ఇంటికొక మనిషి అన్నారు. రాజభవనం నుంచి ఎవరూ రావడం లేదేం?”

రాజు నవ్వాడు. ఆనాటి నుంచి నలభై ఒకటో చోట, వాగులో మోకాలి లోతున నిలిచి, కుండలు ముంచింది విజయకేతుడే.

ఏడాది తిరిగేసరికి చెంగల్వకూ సూరనకూ పెళ్లి కుదిరింది. సరిగ్గా తలంబ్రాలు పోసుకుంటుండగా డప్పు మోగింది. ఎక్కడో గడ్డివామి అంటుకుంది. వధువూ వరుడూ బియ్యం విదిలించుకుంటూ పరుగు తీశారు. చెంగల్వ మలుపులో నిలబడి అటు తొంగి చూసింది. సూరన అప్పటికే మొదటి చోట ఉన్నాడు.

“మళ్లీ నాకంటే ముందే!” అని గొణుక్కుంటూ, చేతికొచ్చిన కుండను అందించింది.