చదవకూడని పేర్లు

ప్రయాణం రోజు పొద్దున్నే ఇల్లంతా సంచులు సర్దుకుంటుంటే టైపమ్మ మాత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్ సర్దుతోంది. ఫైళ్ళన్నిటికీ ముందురోజే ఆఫీసులోని హార్డ్ డిస్కులో నకలు తీసి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చింది. ఇప్పుడు నాలుగు రోజుల పనికి కావలసినవి ఉంచి, మిగతావి ఒక్కొక్కటే తీసేస్తోంది.

"బట్టలు సర్దమంటే ఫైళ్ళు సర్దుతావేంటి?" అన్నాడు భర్త, ఒక చెప్పు చేత్తో పట్టుకుని రెండోదాని కోసం కుర్చీల కింద వెతుకుతూ.

"బట్టలు పోతే కొనుక్కోవచ్చండీ."

"మరి చెప్పు పోతే?"

"అది మీ కాలికే ఉంది."

టైపమ్మ అన్న పేరు ఆడపడుచు పెట్టింది. వెక్కిరింపుగా మొదలై వాడుకగా స్థిరపడింది. ఒక ఆడవాళ్ళ ఆసుపత్రిలో డాక్టర్లు రోగిని చూశాక రికార్డు చేసి పంపే మాటలను విని, పొల్లు పోకుండా టైపు చేసి ఇవ్వడం ఆమె వ్యాపారం. పదకొండేళ్ళ కిందట ఒక్కతే మొదలుపెట్టింది. ఇప్పుడు రెండు గదుల ఆఫీసు, తనతో పాటు మరో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె పురిటి సెలవు మీద ఉంది కాబట్టే ఈసారి పనిని కూడా వెంటబెట్టుకుని బయలుదేరాల్సి వచ్చింది.

వ్యానులో ఆరుగురు. తనూ, బడిలో భూగోళం చెప్పే భర్తా, అత్తగారూ, ఆడపడుచూ, టైల్స్ దుకాణం నడిపే ఆమె భర్తా, వాళ్ళ ఒక్కగానొక్క కూతురూ. ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు, కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం. సంచులన్నీ వ్యాను వెనక డిక్కీలోకి వెళ్ళాయి. ల్యాప్‌టాప్ సంచి మాత్రం టైపమ్మ ఒళ్ళో కూర్చుంది. దారిలో ఆగినప్పుడు అది ఆమెతో పాటే దిగింది, ఆమెతో పాటే ఎక్కింది.

"దానికీ ఒక టికెట్టు తీయాల్సిందమ్మా," అన్నాడు టైల్స్ బావగారు.

"నా కొడుకును కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు ఈ పిల్ల," అంది అత్తగారు. వ్యాను వ్యానంతా నవ్వింది. టైపమ్మ కూడా నవ్వింది కానీ పట్టు మాత్రం వదల్లేదు.

కొండ మీద అద్దెకు తీసుకున్న ఇంట్లో వైఫై పాస్‌వర్డు గోడ మీదే రాసిపెట్టి ఉంది. అందరూ ఎగబడ్డారు. ఆమె తన ఫోన్‌లోని నెట్‌తోనే పని చేసుకుంది. రోజూ పొద్దున రెండు గంటలు, వెనక నుంచి ఎవరూ రాకుండా వంటింటి గోడకు వీపు ఆనించి కూర్చునేది.

"ఆ గోడకు రాసిపెట్టింది వాడుకుంటే ఏమవుతుంది అత్తా?" అని మేనకోడలు అడిగింది.

"నిన్నా మొన్నా ఈ ఇంట్లో దిగినవాళ్ళందరికీ తెలిసిన తాళం అది. అలాంటి తాళమేసిన గదిలో నీ నగలు పెడతావా?"

ఆ అమ్మాయి చాలాసేపు అత్త చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

మూడో రోజు వాన పట్టుకుంది. బయటికి కదలడానికి లేదు. ముందురోజు కొండ అంచున ఫోటోలు తీసినవాడు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను బావగారు జేబులోంచి తీశాడు. టీవీకి పెడితే ఫోటోలు రావడం లేదు.

"టైపమ్మా, నీ ల్యాప్‌టాప్ ఒకసారి ఇలా తే. ఫోటోలు చూద్దాం."

"అందులో వద్దన్నయ్యగారూ. ఎక్కడెక్కడ తిరిగిన పెన్‌డ్రైవో అది. ఇంటికి వెళ్ళాక మా మాస్టారి పాత కంప్యూటర్‌లో చూద్దాం."

"చూశారా?" అంది ఆడపడుచు. "మనకేదో అంటురోగం ఉన్నట్టు మాట్లాడుతోంది. ఏమే, మేం దొంగలమా?"

"దొంగలని ఎవరన్నారు వదినా? అందులో ఉన్నది నా సొమ్ము కాదు, ఊళ్ళోవాళ్ళది."

మాట అక్కడితో తెగిపోయింది. టైపమ్మ ల్యాప్‌టాప్‌ను గదిలో పెట్టి స్నానానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి అది భోజనాల బల్ల మీద తెరిచి ఉంది. పక్కన భర్త నిలబడి ఉన్నాడు. రెండేళ్ళ కిందట తనకు ఆపరేషన్ అయినప్పుడు, తనకేదైనా అయితే ఆఫీసు వాళ్ళకు అందజేయమని ఆమె ఆయన చెవిలో చెప్పిన పాస్‌వర్డుతోనే తెరిచాడు. ఆయన మీది నమ్మకంతో మళ్ళీ మార్చలేదు. బావగారు పెన్‌డ్రైవ్ పెట్టే చోటు కోసం తడుముతున్నాడు. ఆడపడుచు కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగింది.

"అబ్బో, ఇన్ని పేర్లే! ఉండండి, మనకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూద్దాం. మొదటిది..."

టైపమ్మ తడి జుట్టుతోనే నాలుగంగల్లో వచ్చి ల్యాప్‌టాప్ మూసేసింది. ఆడపడుచు వేలు దాని కింద నలిగింది.

"అమ్మో! వేలు విరగ్గొట్టింది!"

"వేలికి మందు రాస్తాను వదినా. ఆ పేర్లు మీ నోట్లోంచి వస్తే దానికి మందు లేదు."

"ఏం పేర్లే? ఎవరి కడుపులో ఏ రోగముందో దాచడానికి ఇంత నాటకమా? నలుగురి మధ్య మా పరువు తీస్తావా?"

"పరువు గురించే చెబుతున్నాను. డాక్టరు ముందు తలుపు మూసుకుని చెప్పుకున్న మాటలివి. మొగుడికి కూడా చెప్పుకోలేనివి. వాళ్ళ పరువు నా చేతికిచ్చారు. అది పండగ పూట పంచిపెట్టే పప్పుబెల్లం కాదు."

భర్త గొంతు సవరించుకున్నాడు. "అందరి ముందూ ఎందుకు రాద్ధాంతం? రెండు నిమిషాలు ఫోటోలు చూసి మూసేసేవాళ్ళం. అక్క అడిగితే కాదనలేకపోయాను."

"మీ అక్క అడిగితే కాదనలేకపోయారు. నేను నమ్మితే మాత్రం కాదనగలిగారు." ఆమె ల్యాప్‌టాప్‌ను బల్ల మీది నుంచి తీసుకుంది. "పాస్‌వర్డు మార్చకపోవడం నా తప్పు. ఒప్పుకుంటాను. ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి, బయటివాళ్ళు తెరిచారని చెబుతాను."

"నీకేమైనా పిచ్చా? ఎవరికీ తెలియదు కదా! చెబితే పని పోతుంది. పదకొండేళ్ళ కష్టం!"

"పోతే పోనివ్వండి. దాచిపెట్టి ఇంకో పదకొండేళ్ళు చేయలేను."

"చెయ్యనీ, చెయ్యనీ," అంది ఆడపడుచు వేలు నోట్లో పెట్టుకుని. "పొగరు దిగుతుంది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ కోసం సొంతవాళ్ళను కాదనుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు!"

"ముక్కూ మొహం తెలియనివాళ్ళే అనుకున్నావా అమ్మా?"

అందరూ తలలు తిప్పారు. మెట్ల దగ్గర మేనకోడలు నిలబడి ఉంది. మొహం పాలిపోయింది కానీ గడ్డం ఎత్తే ఉంది.

"ఆ ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. ఏడు నెలలైంది. నువ్వు ఇందాక చదవబోయిన పేర్లలో నాదీ ఉండొచ్చు."

ఆడపడుచు వేలు నోట్లోంచి తీసింది.

"నువ్వెందుకెళ్ళావే?" అంది తల్లి.

"నెలసరి సరిగా రావడం లేదు. పరీక్షలు చేశారు. నాకు పిల్లలు పుట్టడం కష్టం కావచ్చన్నారు. ఒక్కదాన్నే వెళ్ళాను, ఒక్కదాన్నే వచ్చాను."

"కన్నతల్లిని నేనుండగా ఒక్కదానివే వెళ్ళావా? నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే సాయంత్రానికల్లా చుట్టాలందరికీ తెలుస్తుంది కాబట్టి. పోయిన ఏడాది పెద్దనాన్న కూతురి సంగతి ఎంతమందికి చెప్పావో లెక్కపెట్టావా? ఇవాళ కూడా, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూద్దామన్నావు. అత్త మూసేయకపోతే ఆ పేరు చదివి నవ్వేదానివి. నాదని తెలిసేదాకా."

ఆడపడుచు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచింది. అది అందలేదు. బావగారు పట్టుకుని కూర్చోబెట్టాడు. పెన్‌డ్రైవ్ ఆయన చేతిలోంచి ఎప్పుడు జారిందో ఎవరూ చూడలేదు.

టైపమ్మ ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. ఏడు నెలల కిందట ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్‌లో డాక్టరు గొంతు ఒక పేరూ, వయసూ చెప్పింది. ఆమె అక్కడికక్కడే హెడ్‌ఫోన్ తీసేసి, "ఇది నేను చేయకూడదు, నువ్వు చెయ్యి" అని పక్క సీటు ఆమెకు ఇచ్చేసింది. ఎందుకని ఆమె అడగలేదు, తను చెప్పలేదు. ఆఫీసు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మిగతా ఫైళ్ళు పూర్తి చేసింది. ఆ సాయంత్రం ఆడపడుచు ఇంటికే భోజనానికి వెళ్ళింది. ఆ పిల్ల నీళ్ళ గ్లాసు అందిస్తే మామూలుగానే అందుకుంది.

ఇప్పుడూ మామూలుగానే ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది. రికార్డుల అధికారిణి అంతా విని అడిగింది.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదండీ?"

"మీకు తెలిసేది కాదు. నాకు తెలుసు కదా."

"జరిగింది రాసి పంపండి. మా పరిశీలన పూర్తయ్యేదాకా రెండు వారాలు కొత్త ఫైళ్ళు రావు. తర్వాతి మాట పైవాళ్ళు నిర్ణయిస్తారు."

"అలాగేనండీ."

ఆమె కాగితం కోసం చూస్తుంటే, అప్పటికే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్న భర్త కనిపించాడు. నల్లబల్ల మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. 'నా భార్య అనుమతి లేకుండా తెరిచింది నేను. ఆమె అభ్యంతరం చెప్పాక కూడా తెరిచాను.' కింద సంతకం పెట్టి కాగితం ఆమె వైపు జరిపాడు.

"క్షమించమని అడగను," అన్నాడు తల ఎత్తకుండా. "అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు. అది నాకు చాలదు."

"వెంటనే క్షమిస్తానని ఎవరన్నారు?" అందామె. "కొత్త పాస్‌వర్డు మీకు చెప్పను. అంతవరకు ఖాయం." కాగితం తీసుకుంటూ, ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది.

మూలన కూర్చుని అన్నీ వింటున్న అత్తగారు అప్పుడు లేచింది. మనవరాలి దగ్గరికి వెళ్ళి, ఏమీ అడక్కుండా, తన శాలువా తీసి ఆ పిల్లకు కప్పింది. "పద, కాసిన్ని వేడి పాలు కాస్తాను. నీకు చెప్పాలనిపిస్తే చెబుదువు. లేకపోతే పాలు తాగుదువు."

చీకటి పడకముందే వాన తెరిపిచ్చింది. టైపమ్మ వరండాలో ఉంటే ఆడపడుచు వచ్చి పక్కన నిలబడింది. వేలికి గుడ్డ చుట్టుకుంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నా కూతురు నాకంతా చెప్పింది. రెండు గంటలు కూర్చుని చెప్పింది." వేలి గుడ్డ సర్దుకుంటూ అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండదు వదినా."

"నేను దాని తల్లినే! నాకు కూడా చెప్పవా?"

"చెప్పను."

ఆడపడుచు మొహంలో పాత కోపం ఒక్కసారి భగ్గుమంది. ఏదో అనబోయింది.

"మీరు అడిగినా చెప్పను," అంది టైపమ్మ. "ఆ అమ్మాయి అడిగినా చెప్పను. రేపు మీ గురించి ఎవరొచ్చి అడిగినా ఇదే జవాబు. మీకు కోపం వస్తే రానివ్వండి."

ఆడపడుచు చాలాసేపు తడిసిన మెట్ల వైపు చూసింది. తర్వాత గుడ్డ చుట్టిన చేత్తో మరదలి చెయ్యి పట్టుకుని, ఆ చేతిని తన కళ్ళకు అద్దుకుని, నోరు విప్పకుండా ఏడ్చింది.