ట్వీటర్లలో ఏడుపు

క్వాజీమా నుంచి డర్బన్‌కి పోయే దారిలో, చెరకు తోటల మధ్య, మూతపడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. దాని ముందు ఒక మలుపు. ఆ మలుపుకి పేరు లేదు... పేరు పెట్టేంతసేపు అక్కడ ఎవరూ ఆగరు.

పగలైతే పదిహేనుమంది పట్టే వ్యాన్ టాక్సీల డ్రైవర్లు పాట తగ్గించి దాటతారు. చీకటి పడితే పాట వినబడనంతగా తగ్గించేసి, అద్దాలు ఎత్తేసి, కాలు బలంగా తొక్కి దాటతారు. నేనూ ఎన్నోసార్లు దాటాను, ధైర్యంగానే దాటాను. కళ్ళు గట్టిగా మూసుకున్నవాడికి ధైర్యానికేం లోటు? అందుకే అక్కడ ఏముందో చూసి చెప్పలేను. విన్నది చెబుతాను.

ఖేహ్లా షేజీని చంపింది అక్కడే. టాక్సీ నడుపుతుండగా, కిటికీలోంచి కాల్చారు. ఏ రూటు ఎవరిదన్న గొడవ. చంపిందెవరో క్వాజీమాలో అందరికీ తెలుసు, చూసినవాడు ఒక్కడూ లేడు. స్టాండులో టాక్సీల వరస చూసే ఫానా. తోలు జాకెట్టు, దాని కింద నడుం దగ్గర ఉబ్బు.

ఖేహ్లాని పూడ్చిన రోజున ఫానా కూడా వచ్చాడు. అందరితోపాటు కూర్చుని మాంసం తిన్నాడు. చేతులు కడుక్కుంటూ, "ఆ మలుపులో ఎవడైనా బండి ఆపాడో, పక్కనే ఇంకో గొయ్యి తవ్వుకోండి" అని చెప్పి వెళ్ళాడు.

అందుకని ఖేహ్లాని ఎవరూ తెచ్చుకోలేకపోయారు. శరీరాన్ని తెచ్చుకున్నారు, మనిషిని కాదు. మా ఆచారం ప్రకారం, బయట చనిపోయినవాణ్ణి, చనిపోయిన చోటికే వెళ్ళి అడవిరేగు కొమ్మతో పిలిచి, దారి చెబుతూ ఇంటికి తీసుకురావాలి. లేదంటే అక్కడే ఉండిపోతాడు. ఖేహ్లా మూడేళ్ళుగా ఆ మలుపులోనే ఉన్నాడు.

ఇక ముజీ సంగతి. ముజీది కూడా షేజీల వంశమే, అదే దారిలో టాక్సీ. ఆ టాక్సీకి ఒకటే జబ్బు. పాట గొణుగుతుంది. వెనక సీటు కింద పెద్ద స్పీకర్లున్నాయి, బేస్ కడుపులో గుద్దినట్టే ఉంటుంది. పాడేవాడి గొంతు మాత్రం దుప్పటి ముసుగేసుకుని పాడినట్టుంటుంది. క్వాజీమా కుర్రకారు సౌండు చూసి బండి ఎక్కుతారు గాని బ్రేకులు చూసి కాదు.

"ఏంటన్నా, నీ సింగర్‌కి జలుబు చేసిందా?" అని స్టాండులో ఒకమ్మాయి అడిగి, పక్క టాక్సీ ఎక్కింది.

ఆ మాట గుచ్చుకుంది. ముజీ ఆ సాయంత్రమే, కార్ల స్పీకర్లు అమ్మే దేవన్ అంకుల్ కొట్టుకి వెళ్ళి రెండు ట్వీటర్లు కొన్నాడు. బుల్లి స్పీకర్లు, సోడా మూత కన్నా కాస్త పెద్దవి. సన్నటి శబ్దాలన్నీ వాటిల్లోంచే రావాలి.

"ఉండు, నేను బిగిస్తాను" అన్నాడు దేవన్ అంకుల్.

"రెండు వైర్లు కలపడానికి కూడా మీరే కావాలా అంకుల్?" అని ముజీ కూరగాయల కత్తి, నల్ల టేపు పట్టుకుని తనే బిగించాడు. ముందద్దానికి అటూ ఇటూ ఉన్న స్తంభాల మీద, సరిగ్గా చెవి ఎత్తులో.

పాట పెట్టాడు. పాడేవాడు దుప్పటి తీసేసి, ముజీ భుజం మీద గడ్డం ఆనించి పాడినట్టుంది! టాక్సీ నిండిపోయింది.

ఆ రాత్రి మలుపు దగ్గర అలవాటుగా పాట సౌండు బొత్తిగా తగ్గించాడు. గేరు మార్చి కాలు తొక్కాడు...

ఈఈఈఈ...

సన్నగా మొదలైంది. పెరిగింది. ఇంకా పెరిగింది. రెండు చెవుల దగ్గరా ఒకేసారి ఎవరో గొంతు నొక్కుకుని ఏడుస్తున్నట్టు.

"ఖేహ్లా!" అని వెనక ఎవరో కేక పెట్టారు. ఇక టాక్సీ నిండా కేకలే. అన్నిటికంటే పెద్ద కేక డ్రైవరుది.

పొద్దున్నే దేవన్ అంకుల్ డాష్‌బోర్డు కింద తల దూర్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "బ్యాటరీ నుంచొచ్చే లావు వైరునీ ట్వీటర్ వైరునీ ఒకే కట్ట కట్టావు కదరా! ఇంజిను ఊళ ఇందులోకి ఎక్కుతోంది. మిగతా దారంతా పాట గోలలో తెలీదు. మలుపులో పాట తగ్గించి ఇంజిన్ని తొక్కుతావు. ఏడవక ఏం చేస్తుంది? విడదీయనా?"

ముజీ సిగ్గుపడ్డాడు. అయితే స్టాండుకి వెళ్ళేసరికి మిగతా టాక్సీలు ఖాళీ. ముజీ టాక్సీ ముందు మాత్రం జనం.

"దెయ్యం ఏడ్చే బండి ఇదేనా అన్నా? ముందు సీటు నాది!"

"నువ్వు నిన్న విన్నావుగా, దిగు! ఇవాళ నేను!"

ముజీ ఒక్క క్షణం ఆలోచించాడు. మనమైతే రెండు క్షణాలు ఆలోచించి అదే పని చేసేవాళ్ళం. వైరు విడదీయించలేదు. ఇంకా, మలుపు దగ్గర కాలు కాస్త గట్టిగానే తొక్కడం మొదలుపెట్టాడు.

జనం నోళ్ళు ఊరుకుంటాయా? "ఏడుపొక్కటే కాదట. పెళ్ళాం కొమ్మ పట్టుకుని వచ్చిన రోజు, తనని చంపినవాడి పేరు చెబుతాడట" అన్నారు. ముజీ కాదనలేదు.

ఒకరోజు ఖేహ్లా భార్య మాజుంగు స్టాండుకొచ్చింది. ఇప్పటికీ సంతాపపు నల్లబట్టల్లోనే ఉంది.

"నువ్వూ షేజీవే. వరసకి ఆయన తమ్ముడివి" అంది. "ఆయన నీ బండిలో ఏడుస్తున్నాడటగా?"

ముజీ స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు.

"ఇంట్లో పెద్దలకి మొక్కే మూల ఖాళీగా ఉంది మరిదీ. కూతురికి సంబంధం వచ్చింది. ఆయనకి చెప్పకుండా ఎలా ఒప్పుకోను? ఎక్కడికెళ్ళి చెప్పను? ఫానా చంపితే చంపనీ. రేపు సాయంత్రం వస్తాను. రెండు సీట్లు కావాలి. నాకొకటి, ఆయనకొకటి."

"వదినా... అది..." అన్నాడు ముజీ. వైరు మాట గొంతు దాకా వచ్చి, ఆవిడ మొహం చూసి వెనక్కి పోయింది.

మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకెళ్ళి దేవన్ అంకుల్ చేత వైర్లు విడదీయించాడు. ఒకటి కుడి పక్క, ఒకటి ఎడమ పక్క. ఇంజిను ఎంత తొక్కినా చప్పుడు లేదు. ఇంక అబద్ధం లేదు. ఆవిడ వస్తుంది, తన మనిషిని పిలుచుకుంటుంది, ఇంటికి పోతుంది. అంతే అనుకున్నాడు.

సాయంత్రం మాజుంగు కొమ్మతో వచ్చి రెండు సీట్లకీ డబ్బు కట్టింది. కొమ్మని చూడగానే ఎక్కినవాళ్ళంతా మాట్లాడకుండా దిగిపోయారు. ఆవిడ తలుపు పక్క సీటు మీద కొమ్మని కూర్చోబెట్టినట్టు పెట్టి, పక్కన కూర్చుంది. కొమ్మ పట్టుకున్నవాళ్ళు ఇల్లు చేరేదాకా పోయినవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు.

చెరకు తోటలు మొదలయ్యాయి. చీకటి పడింది.

లైట్ల వెలుగులో రోడ్డుకి అడ్డంగా ఒక మనిషి. తోలు జాకెట్టు. చేతిలో పిస్తోలు.

ఫానా తలుపు లాగి ఎక్కాడు. కొమ్మని పక్కకి తోసి, ఆ సీట్లో కూలబడ్డాడు.

"అన్నా... ఆ సీటుకి డబ్బు కట్టారన్నా" అన్నాడు ముజీ. ఎందుకన్నాడో వాడికే తెలీదు.

"ఎవరు? నాకెవరూ కనబడట్లేదే! పోనియ్."

మాజుంగు కొమ్మని ఒళ్ళోకి తీసుకుంది. ముళ్ళు అరచేతిలో దిగాయి. కిక్కురుమనలేదు.

"ఖేహ్లా పేర్లు చెబుతున్నాడటగా? నేనూ వింటాను" అని ఫానా పిస్తోలు ముజీ మెడ మీద ఆనించాడు. "ఆన్ చెయ్ నీ పెట్టె."

"దెయ్యం లేదన్నా! ఒట్టు! అది వైరు! నా తెలివితక్కువ! పొద్దున బాగుచేయించాను..."

పిస్తోలు మడమ ముజీ తల మీద పడింది. వెచ్చగా ఏదో చెవి వెనక కారింది. స్టీరియో ఆన్ చేశాడు. నిశ్శబ్దం. మలుపు వచ్చింది. ఇంజిను గర్జించింది. ట్వీటర్లు పలకలేదు.

ఫానా పగలబడి నవ్వాడు. "వైరు! మూడు వారాలుగా నాకు నిద్ర లేకుండా చేసింది వైరా! ఆపు బండి. ఇక్కడే. తాళం తియ్. ఇద్దర్నీ వాడి దగ్గరే పడుకోబెడతాను."

ముజీ బండి ఆపాడు. తాళం తీశాడు. ఇంజిను ఆగింది. స్టీరియో లైటు ఆరిపోయింది.

ఈఈఈఈ...

ముజీ చేతిలో తాళం చూసుకున్నాడు. ఇంజిను లేదు. కరెంటు లేదు. ఏడుపు పెరుగుతోంది...

"ఆపు!" అన్నాడు ఫానా.

"నేను కాదన్నా..."

ఫానా కాల్చాడు. కుడి ట్వీటరు పగిలింది, అద్దం పగిలింది, ముజీ చెవి తమ్మె తెగిపోయింది. మళ్ళీ కాల్చాడు. ఎడమది వైరుకి వేలాడింది. స్టీరియోలోకి కాల్చాడు. పొగ. బండి నిండా మందుగుండు వాసన.

ఏడుపు ఆగలేదు. ఈసారి ముందునుంచి కాదు... ఫానా వెనకనుంచి.

ఫానా తిరిగి చూశాడు. ఏం చూశాడో మరి... పిస్తోలు కింద పడేసి, చంటిపిల్లాడిలా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తలుపు దానంతటదే జర్రున తెరుచుకుంది. ఫానా వెనక్కి పోయాడు. ఎవరో కాలరు పట్టుకుని లాగినట్టు, మడమలు నేల మీద ఈడ్చుకుంటూ, రోడ్డు మధ్యదాకా.

మలుపు తిరుగుతూ చెరకు లారీ వచ్చింది.

అది బ్రేకు వేసింది. వేసేసరికి, ముందు చక్రాలే కాదు, వెనక చక్రాలు కూడా వాడి మీదుగా వెళ్ళాయి. ఆ చప్పుడు ముజీకి ఇప్పటికీ చెరకు నమిలే వాళ్ళని చూస్తే వినబడుతుంది.

పోలీసులొచ్చారు. మాజుంగుని ఏదో అడిగారు. ఆవిడ పలకలేదు. ఒళ్ళో కొమ్మ చూసిన కానిస్టేబులు టోపీ తీసి, ఇంకేం అడగలేదు. లారీ డ్రైవరే అంతా చెప్పాడు. "వాడంతట వాడే వెనక్కి నడిచొచ్చాడు సార్" అన్నాడు. ముజీ చెవికి కట్టు కట్టి వదిలేశారు.

మాజుంగు బంకు ముందు నిలబడి భర్తని పిలిచింది. వంశం పేర్లన్నీ చెప్పి పిలిచింది. కొమ్మని తలుపు పక్క సీట్లో పెట్టి కూర్చుంది. దారి పొడుగునా, "వంతెన దాటుతున్నాం... బడి దాటుతున్నాం..." అని కొమ్మకి చెబుతూ, సందుల దగ్గర ముజీకి చేత్తో చూపిస్తూ వచ్చింది.

ఇంటి ముందు బండి ఆగింది.

"ఇల్లొచ్చింది. దిగు" అంది కొమ్మతో.

కొమ్మ లేవలేదు. రెండు చేతులా లాగింది. బస్తా ఎత్తుతున్నట్టు భుజాలు వణికాయి. కొమ్మ సీటుకి అతుక్కుపోయింది. ఆవిడ వంగి దాన్ని వాసన చూసింది. చటుక్కున వెనక్కి దూకింది.

"ఈయన మా ఆయన కాదు."

"వదినా?"

"అక్కడ పోయింది ఒక్కడే కాదు కదా ఇప్పుడు! నేను పిలిస్తే ఆ ఫానా ఎక్కాడు! వాడి సీటు వాడు వదల్లేదు!" మాజుంగు గేటు పట్టుకుని నిలబడింది. "నా గుమ్మం తొక్కనివ్వను. వాడి పక్కన నేను కూర్చోను, చంపినా కూర్చోను. నువ్వు షేజీవి. నువ్వు పిలిస్తే ఆయన వస్తాడు. ఎక్కినచోటే వాణ్ణి దించు. నా మనిషిని తీసుకురా."

కొమ్మని సీట్లో అలాగే ఉంచి, ముజీ ఒక్కడే బయల్దేరాడు. ఒక్కడే అనుకోవడానికి చాలా ప్రయత్నించాడు. బండి వెనక వైపు ఎడమకి ఒరిగిపోయి నడుస్తోంది. వెనక్కి చూడలేదు. కొరికే చలి... పగిలిన అద్దంలోంచి గాలి... ఇంకా, మెడ మీద, తోలు జాకెట్టు వాసన.

మలుపు దగ్గర ఆపాడు. ఏమనాలో తెలీలేదు. చివరికి రోజూ అనే మాటే నోట్లోంచి వచ్చింది.

"ఫానన్నా... మీ స్టాపు."

ఏమీ జరగలేదు.

"దిగాలన్నా. ఆ సీటుకి డబ్బు కట్టారు."

తలుపు తెరుచుకుంది. బండి ఎడమవైపు పైకి లేచింది. తలుపు మూసుకుంది.

ముజీ కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. "ఖేహ్లా అన్నా... నేను ముజీని. నీ పేరు చెప్పుకుని అబద్ధమాడినవాణ్ణి. వదిన గేటు దగ్గర నిలబడుంది. కూతురి పెళ్ళి మాట్లాడాలట. ఇంటికి పోదాం రా అన్నా..."

చెరకు ఆకులు గలగలమన్నాయి. ఆగాయి.

ముజీ తలుపు తెరిచి చూసి, మళ్ళీ మూశాడు.

రాలేదేమో అనుకున్నాడు. ఒట్టి చేతులతో గేటు ముందు నిలబడి ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ, ఏడుస్తూనే బండి తీశాడు. అయినా మనసొప్పక, వచ్చినవాడితో చెప్పినట్టే చెబుతూ నడిపాడు. "వంతెన దాటుతున్నామన్నా... బడి దాటుతున్నామన్నా... చర్చి..."

వెనకనుంచి ఊపిరి కూడా లేదు. కళ్ళు మసకలు. దారి కూడా సరిగ్గా కనబడటం లేదు.

అప్పుడు ఎడమ పక్కన, పగిలిపోయి వైరుకి వేలాడుతున్న ట్వీటర్లోంచి, దారి బాగా తెలిసిన డ్రైవరు గొంతు ఒకటి విసుగ్గా అంది...

"సందు దాటేశావు తమ్ముడూ. వెనక్కి తిప్పు."