కోడిపిల్లలు ఖాళీ వదిలిన చోటు

ఆ ఇంటి వెనక గది పేరెత్తితే చాలు, వీధిలో వాళ్లు మాట మార్చేసేవాళ్లు. అందులో అద్దెకున్న గడియారాల మెకానిక్ నడివేసవిలో చలికి బిగుసుకుపోయి చచ్చిపోయాడట. ఎండాకాలంలో చలేమిటయ్యా అంటే, మేమూ అదే అడుగుతున్నాం అనేవాళ్లు.

ఎలక్ట్రీషియన్ అల్లుడికి ఈ కబుర్లంటే ఒళ్లుమంట. అతనూ పెళ్లామూ అత్తగారింట్లోనే ఉంటున్నారు. మామ పోయాక అత్తగారి ఆశంతా కోళ్ల మీదే. అల్లుడే పెరట్లో ఇనపజాలీతో గూడు కట్టిచ్చాడు. మరి అప్పుడే పుట్టిన కోడిపిల్లలకి చోటేదీ అని ఆవిడంటే, వెనక గది ఉందిగా, దెయ్యమూ లేదు గాడిదగుడ్డూ లేదన్నాడు.

మూలలుంటే పిల్లలు అక్కడ కుక్కుకుని ఊపిరాడక చస్తాయని అట్టలతో గుండ్రంగా కంచె కట్టాడు. లోపల పొట్టు పరిచాడు. వెచ్చదనానికి పైన బల్బు వేలాడదీశాడు.

వాటి పడకే వాటి మాట అని అత్తగారు చెప్పింది. చెదురుగా పడుకుంటే హాయిగా ఉన్నట్టు. ముద్దకడితే చలి. ఒక పక్కకి జరిగితే అవతలి పక్కనుంచి చలిగాలి కొడుతున్నట్టు.

"ఒక్క పిల్ల పోయినా నా ఎదట పడకు" అని, మొదటి రాత్రి కాపలాకి అతన్నే కూర్చోబెట్టింది.

ఉక్కపోత. ఒలికిన పెసల్లా పిల్లలు చెదురుగా పడుకున్నాయి. అతనికి కునుకు పట్టబోతుండగా... తలుపు వైపునుంచి అన్నీ లేచి ఇటు జరిగాయి. లేచి తలుపు సందులో గోనె కుక్కాడు.

ఈసారి కిటికీ వైపు ఖాళీ చేశాయి. కిటికీకీ కాగితం అంటించాడు.

అప్పుడు సరిగ్గా బల్బు కింద ఖాళీ ఏర్పడింది. గుండ్రంగా... ఒక మనిషి నిలబడేంత. వేడెక్కువైందేమోనని చెయ్యి పెట్టి చూశాడు. నూతినీళ్లలో ముంచినట్టైంది. చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. తడేమీ లేదు.

గోనె నెట్టుకుంటూ తలుపు తీసిన అత్తగారి గొంతు వెనక వినిపించింది. "ఎలా ఉన్నాయి?"

"జరుగుతున్నాయత్తయ్యా."

ఆ ఖాళీ మెల్లగా కదిలింది... ఇతని వైపే. పిల్లలు పాయలై తప్పుకుంటున్నాయి. తప్పుకోలేనివి అట్టకి నొక్కుకుపోయి కీచుమంటున్నాయి.

"అట్ట తియ్యి బాబూ" అని గుసగుసలాడింది ఆవిడ. "పిల్లలు చస్తాయి."

అట్ట తీస్తే దానికీ తనకీ మధ్య ఇంకేమీ ఉండదు. భయమేసింది. నిజంగానే భయమేసింది. అయినా తీశాడు.

పిల్లలన్నీ బిలబిలా వచ్చి అతని వెనక దాక్కున్నాయి. అత్తగారు బుట్టలోకి ఎత్తుకుంది. ఒక్కటీ పోలేదు. అతని ఒళ్లు ఒక్కసారి జలదరించి ఊరుకుంది. గదిలో మళ్లీ మామూలు ఉక్కపోత. చూశారా, ఏమీ లేదు అన్నాడు.

పిల్లల్ని వంటింట్లోకి మార్చారు. అన్నీ బతికి కోళ్లయ్యాయి. అల్లుడి పరువూ దక్కింది. ఆ గది ఇప్పుడు ఎంత వెచ్చగా ఉందంటే, అద్దెకి మనుషులు కూడా దిగారు.

పెళ్లాం మాత్రం రాత్రిళ్లు మంచం అంచుకి జరిగి పడుకుంటోందట. పడిపోతావే, ఇటు జరుగు అంటే ఇంకాస్త అటే జరుగుతుంది. ఏమైందే అని ఒకరోజు గట్టిగా అడిగాడు.

ఆమె దుప్పటి మెడదాకా లాక్కుంది.

"ఏం లేదండీ... మీ పక్కనుంచి చలిగాలి కొడుతోంది."