మూడు దెబ్బలంటే మళ్ళీ చూడమని

ఆ లారీ షెడ్డులో మేస్త్రి చెవులకు పెద్ద పేరు. పది లారీలు ఒక్కసారిగా హారన్ కొడుతున్నా, పదకొండో దాని కింద చీమ నిట్టూర్చినంత గాలి కారితే పట్టేసేవాడు. నోటికి అంతకన్నా పెద్ద పేరు. ఆ తిట్లకు బిగుసుకుపోయిన నట్లు వాటంతటవే వదులయ్యేవి. పనికి చేరిన కుర్రాళ్ళు చేరిన పూటే పారిపోయేవాళ్ళు. అందుకని ఇరవై ఏళ్ళూ లారీలో కూర్చుని బ్రేకు తొక్కింది అతని భార్యే.

వాళ్ళ మధ్య మాటలుండేవి కావు. అడుగున పడుకున్న మేస్త్రి రెంచితో ఒక దెబ్బ కొడితే తొక్కాలి. రెండు కొడితే వదలాలి. మూడు దెబ్బలు మాత్రం ఆవిడ పెట్టిన గుర్తు. మొగుడు తొందరపడి ఏదో వదిలేశాడని తోస్తే, పైనుంచి మూడు కొట్టేది. మళ్ళీ చూడు, అని. అతను ఆవిడ ఏడు తరాలనూ తిట్టుకుంటూ మళ్ళీ చూసేవాడు. ఏదో ఒకటి దొరికి తీరేది.

ఆవిడ పోయి మూడు నెలలు. ఆ తెల్లవారుజామున గుండె పట్టేసి, మాట రాక, మంచం పట్టె మీద మూడుసార్లు కొట్టింది. "గ్యాసులే, పడుకో," అన్నాడు అతను. అటు తిరగనైనా లేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు సీటుకూ బ్రేకు పెడలుకూ మధ్య ఒక కర్ర బిగించి పని కానిస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. మూడింటికే షెడ్డులో చీకటి. డ్రైవరు లారీ తెచ్చి నిలిపాడు.

"నాలుగైదుసార్లు బ్రేకు వేసేసరికి గాలి పడిపోతోంది మేస్త్రీ. సాయంత్రం కొండ దిగాలి. పాప పుట్టి పదకొండు రోజులైంది, ఇంకా మొహం చూళ్ళేదు."

"నీ మొహం చూడకుండా అది హాయిగా ఉంది. పో, భోంచేసి రా."

చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. బ్రేకు ట్యాంకులో గాలి నిండాక ఇంజను ఆపి, కర్ర బిగించి, గోనెసంచి పరుచుకుని అడుగుకు జారాడు. కాలిన నూనె వాసన, తడి మట్టి వాసన. గొట్టం గొట్టానికీ సబ్బునీళ్ళు పూశాడు. ఒక్క బుడగ లేదు.

"బాగానే ఉంది," అనుకున్నాడు. ఈ మధ్య అతనికి అన్నీ బాగానే ఉంటున్నాయి.

పాత అలవాటు చొప్పున చెయ్యి రెండు దెబ్బలు కొట్టింది.

బుస్స్... బ్రేకు వదులైంది.

కర్ర జారిందేమో. లేవబోయాడు. పైనుంచి ఇనుము మీద...

టక్. టక్. టక్.

వాన చప్పుడు కూడా ఆగినట్టయింది.

"నువ్వేనా?" అన్నాడు.

పెడలు కదిలింది. తొక్కుడు... వదులు. తొక్కుడు... వదులు. చివర్లో కాస్త తడబడే తొక్కుడు. ఆవిడకు కుడి మోకాలు నొప్పి.

నాలుగోసారి వెనక ఎడమ చక్రం దగ్గర పాము బుసకొట్టినట్టయింది. గాలితో బ్రేకు బిగించే బూస్టరు డబ్బా లోపలి రబ్బరు చీలి ఉంది. అదిమిపెడితే మూసుకుని, పదేపదే తొక్కితేనే నోరు తెరిచే చీలిక. కర్ర వందేళ్ళు తొక్కిపెట్టినా దొరికేది కాదు.

బయటికొచ్చాడు గానీ తలెత్తి డ్రైవరు సీటు వైపు చూడలేదు. ఆవిడ ఉంటుందేమోనని భయం. ఉండదేమోనని అంతకన్నా భయం. తల వంచుకునే కొత్త రబ్బరు వేశాడు.

డ్రైవరు వచ్చి ఎక్కాడు. "సీటు ఇంత ముందుకు జరిపారేంటి మేస్త్రీ? మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఇదిగో మీ కర్ర, మెట్టు మీద పెట్టారు."

మేస్త్రి కర్ర అందుకున్నాడు. ఇంజను వేయించి, ఇరవైసార్లు తొక్కించి వదిలించాడు. గాలి మీటరు ముల్లు నిలబడింది.

"వెళ్ళిరా. పాపను చూసుకో," అన్నాడు. ఒక్క తిట్టయినా లేకుండా అతను మాట్లాడ్డం డ్రైవరు వినడం అదే మొదటిసారి.

లారీ వెళ్ళిపోయింది. అది నిలిచిన చోట నేల పొడిగా మిగిలింది. మేస్త్రి ఆ గోనెసంచి మీదే గోడవైపు తిరిగి పడుకున్నాడు. కర్ర గుండెకు హత్తుకున్నాడు.

టక్. టక్. టక్.

కళ్ళు తెరిచాడు. పైన లారీ లేదు. జానెడు ఇనుము లేదు.

"బాగుచేశాను కదే... ఇంకేం చూడను?"

మళ్ళీ మూడు. ఈసారి పైనుంచి కాదు... వీపు వెనకనుంచి. ఇనుము చప్పుడు కాదు. మంచం పట్టె మీద కొట్టినట్టు, చెక్క చప్పుడు. షెడ్డు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కర్ర అతని చేతుల్లో ఉంది.

మేస్త్రి మెల్లగా అటు తిరిగాడు.