అరవై దాటని బండి

మే నెల వచ్చిందంటే ప్రత్తిపాడులో ప్రతి ఇంటికీ మిరపకాయల ఘాటుతోనే తెల్లవారుతుంది. మౌలాబీ వసారాలో గోనెపట్టా పరుచుకుని, ఏడాదికి సరిపడా కారం కోసం కాయలకు తొడిమలు తీస్తోంది. ముంగిట్లో ఆమె భర్త కరీముల్లా సుమోను కడుగుతున్నాడు. పదకొండేళ్ల బండిని పెళ్లికొడుక్కి నలుగు పెట్టినంత శ్రద్ధగా తోముతున్నాడు. తుడిచినచోటే మళ్లీ తుడుస్తుంటే చూసి మౌలాబీ నవ్వుకుంది. తనకు ఆయన ఏనాడైనా ఇంత సేవ చేశాడా అంటే లేదు.

ఆ బండి మీటరు ముల్లు రెండేళ్లుగా సున్నా దగ్గరే పడుకుని ఉంది. బాగు చేయిద్దామని కొడుకు మాలిక్ ఎన్నోసార్లు అడిగాడు. ఇంజను మోత వింటే ఎంత స్పీడులో పోతున్నామో తెలియదా, దానికో ముల్లు కావాలా అని కరీముల్లా కొట్టిపారేసేవాడు. ఇరవై ఆరేళ్లుగా స్టీరింగు పట్టుకున్న మనిషి. తన మీద ఒక్క కేసూ పడలేదు. ఆయన బండి అరవై దాటదని ఊరంతా చెప్పుకునేది. ఆయన కూడా ఆ మాట అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పుకునేవాడు.

ఆ పేరే ఇప్పుడు కలిసొచ్చింది. ఆటోలు ఎక్కువై కిరాయిలు తగ్గి బండి ఇంటిముందు నిలబడిపోతున్న రోజుల్లో, ఊళ్లో స్కూలు నడిపే జోసఫ్ మాస్టారు చుట్టుపక్కల పల్లెల నుంచి పదకొండు మంది పిల్లల్ని తీసుకొచ్చే పని కరీముల్లాకే ఇస్తానన్నాడు. జూన్‌లో మొదలు. తండ్రీకొడుకులు వంతులవారీగా తోలాలని అనుకున్నారు. మాస్టారు పెట్టిన షరతు ఒక్కటే, తోలేవాడి మీద ఏ కేసూ ఉండకూడదు.

పదకొండింటికి పోస్టులో కవరొచ్చింది. పోలీసువాళ్ల ముద్ర చూసి మాలిక్ చేతులు తుడుచుకుని విప్పాడు. లోపల ఒక ఫొటో ఉంది. ఎండలో మెరుస్తూ తమ సుమో, నంబరుతో సహా. అద్దం వెనక మనిషి మాత్రం నల్లటి నీడ. హైవే మీద మార్టూరు దాటాక ఎనభైకి మించకూడని చోట నూట ఎనిమిదిలో వెళ్లిందని, తేదీతో, టైముతో అచ్చేశారు. మాలిక్ గొంతు తగ్గించి చదివాడు. టైము దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు మరీ తగ్గిపోయింది. మౌలాబీ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

చదువు రాని కరీముల్లాకు అందిన ముక్కలు మార్టూరు, నూట ఎనిమిది, పోయిన గురువారం. అంతే చాలు. ఆ రోజు ముగ్గురూ అద్దంకిలో మౌలాబీ అక్క షాజాదీ ఇంటికి వెళ్లొచ్చారు. పొద్దున వెళ్లేటప్పుడు తోలింది మాలిక్. సాయంత్రం వచ్చేటప్పుడు కరీముల్లా.

"నా పేరు గంగలో కలిపావు కదరా. నూట ఎనిమిదా? ఎవర్ని చంపుదామని?" అన్నాడు ఆయన.

మాలిక్ కాగితం మడిచి తండ్రి చేతిలో పెట్టాడు. కాదని అనలేదు, అవునని కూడా అనలేదు. ఆ మౌనమే కరీముల్లాను ఇంకా మండించింది. ఇకనుంచి బండి ముట్టుకోవద్దని, పిల్లల బండి తానొక్కడే తోలుకుంటానని, ఆదివారం మాస్టారు వచ్చినప్పుడు ఆ మాటే చెప్పేస్తానని కేకలేశాడు. జరిమానా పెద్దదేం కాదు. పోయింది పరువని ఆయన బాధ.

తర్వాత రెండు రోజులూ ఆ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. కరీముల్లా వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాడు. మౌలాబీ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. తండ్రి వచ్చేసరికి కొడుకు బయటికి, కొడుకు వచ్చేసరికి తండ్రి బయటికి. శనివారం సాయంత్రం మాలిక్ సంచిలో బట్టలు సర్దుతుంటే మౌలాబీ చూసి దగ్గరికి వచ్చింది. గుంటూరులో మిరపకాయల గోడౌను లారీకి డ్రైవరు కావాలన్నారట, వెళ్తాడట.

"చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని పోతావా?" అంది.

మాలిక్ తలెత్తాడు. "నీకూ తెలుసన్నమాట."

తెలియకేం. నోటీసులో టైము సాయంత్రం అయిదూ యాభై. ఆ రోజు సాయంకాలపు అసర్ నమాజు చేసుకున్నాకే అద్దంకిలో బయల్దేరారు. మాలిక్ వెనక సీట్లో ఒరిగాడు. భర్త పక్కన కూర్చున్నది తనే. చెట్లు గిర్రున వెనక్కి పోతుంటే నెమ్మదిగా పోనివ్వమని మూడుసార్లు చెప్పింది. ఆయన పలకలేదు. మొండితనం అనుకుంది. ఎదురొచ్చిన లారీవాడు పట్టపగలు లైట్లు వేసి ఆర్పాడు. ముందు పోలీసుల కెమెరా ఉందని డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకునే సైగ అది. కరీముల్లా నవ్వి, 'అరవైలో పోయేవాడికి వాళ్లతో ఏం పని' అన్నాడు. కాలు మాత్రం తియ్యలేదు.

"నాన్న తెలిసి తొక్కలేదమ్మా," అన్నాడు మాలిక్. "ఆయన చెవికి ఇంజను ఎప్పటిలా వినపడాలంటే అంత తొక్కాల్సి వస్తోంది."

మౌలాబీ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తనకు తెలియని సంగతా అది? ఏడాదిగా తలుపు కొట్టిన చప్పుడుకు తనే లేస్తోంది. ఫోను తనే తీస్తోంది. ఎవరేం అడిగినా ఆయనకెదురుగా నిలబడి, తనకేదో అర్థం కానట్టు ఆ మాటనే గట్టిగా తిరిగి అంటోంది. నలుగురిలో ఆయన చిన్నబోకూడదని పడ్డ పాట్లవి. ప్రేమ అనుకుంది. ఆ ప్రేమే నూట ఎనిమిదిలో తీసుకుపోయిందని ఇప్పుడు తెలిసొచ్చింది. జూన్ వస్తే వెనక సీట్లలో పదకొండు మంది పసివాళ్లు. ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. చెప్తే ఆయన విరిగిపోతాడు, చెప్పకపోతే?

ఆదివారం పొద్దున జోసఫ్ మాస్టారు మోటారుసైకిలు మీద వచ్చాడు. వసారాలో కుర్చీలు వేశారు. మాలిక్ సంచి గుమ్మం పక్కనే ఉంది. కరీముల్లా ఏమీ దాచకుండా నోటీసు మాస్టారి ముందు పెట్టాడు. తప్పు కొడుకుదని, వాడిక బండెక్కడని, పిల్లల బాధ్యత తనదని చెప్పాడు. మాస్టారు మాలిక్ వైపు జాలిగా చూశాడు.

మౌలాబీ టీ గ్లాసులతో వచ్చి భర్త కుర్చీ వెనక ఆగింది. మామూలుగా మాట్లాడే గొంతుతోనే అంది:

"ఆ రోజు బండి తోలింది మీరేనండీ. మాలిక్ కాదు."

మాస్టారు ఉలిక్కిపడి ఆమెను చూశాడు. మాలిక్ తల దించుకున్నాడు. కరీముల్లా మాత్రం కాగితం మీద వేలు పెట్టి ఫొటో చూపిస్తూ తన ధోరణిలో తాను మాట్లాడుతూనే ఉన్నాడు. కాసేపటికి ఎదుటివాళ్ల ముఖాలు చూసి ఆగాడు. ఏమైందని అడిగాడు. మౌలాబీ ఎదురుగా వచ్చి నిలబడి, గొంతు పెంచి అదే మాట మళ్లీ చెప్పింది. ఈసారి వినపడింది.

కరీముల్లా ముఖం నల్లబడింది. తల్లీ కొడుకూ ఒక్కటయ్యారని, బయటి మనిషి ముందు తనను చెవిటివాణ్ణి చేశారని గిలగిల్లాడాడు. "పదండి. అందరూ ఎక్కండి. మాస్టారూ, మీ బండికి మీటరుంది కదా, నా వెనకే రండి. నాది అరవై దాటితే ఆ స్కూలు గడప తొక్కను," అన్నాడు.

గుంటూరు రోడ్డు ఆదివారం ఖాళీగా ఉంది. మౌలాబీ ముందు, మాలిక్ వెనక. మొదటి కిలోమీటరు దాటేసరికి కిటికీలు దడదడలాడాయి. పత్తి చేల నల్లమట్టి రెండువైపులా పరుగులు తీస్తోంది. మౌలాబీ సీటు అంచు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. కరీముల్లా అద్దంలో చూసి నవ్వాడు. మాస్టారి బండికి అరవై అందుకునే సత్తా కూడా లేదన్నాడు.

అయిదు కిలోమీటర్ల అవతల పత్తి జిన్నింగు మిల్లు దగ్గర ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు రాలేదు. కరీముల్లా రోడ్డువైపే చూస్తున్నాడు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. ఆయన ముఖంలో నవ్వు మెల్లమెల్లగా పోయింది. చివరికి మోటారుసైకిలు వచ్చి ఆగింది. మాస్టారు చెమట తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

"నా ముల్లు ఎనభై దాటాక భయమేసి తగ్గించేశాను, కరీముల్లా గారూ. అప్పటికే మీరు చాలా దూరం వెళ్లిపోయారు. ఆగమని హారన్ కొడుతూనే ఉన్నాను."

"హారనా?" అన్నాడు కరీముల్లా. భార్యను చూశాడు. ఆమె ఏడుస్తూ తలూపింది. కొడుకును చూశాడు.

"నేనూ వెనక నుంచి రెండుసార్లు అరిచాను నాన్నా, ఆపమని."

కరీముల్లా బండి వెనక తలుపు తీశాడు. మాలిక్ కూర్చున్న సీటును చేత్తో తడిమాడు. "పిల్లలు కూర్చునేది ఇక్కడే కదరా," అన్నాడు. "ఏ బిడ్డో తలుపు ఊడిందని అరిస్తే... నేను పాట పాడుకుంటూ పోయేవాణ్ణి." మౌలాబీ తన పెళ్లయ్యాక మొదటిసారి ఆయన ఏడవడం చూసింది. మాలిక్ తండ్రి భుజం పట్టుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదురా?"

"నాకు బండి నేర్పింది నువ్వు నాన్నా. నీకు బండి రాదని నేనెట్లా చెప్పను?"

కరీముల్లా పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. మాస్టారి దగ్గరికి వెళ్లి, ఆ కేసు తనదేనని, కొడుకు మీద మచ్చ లేదని, బండికి మీటరు వేయించాక పిల్లల్ని మాలిక్ తీసుకొస్తాడని చెప్పాడు. ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోమన్నాడు. మాస్టారు ఆయన చెయ్యి నొక్కాడు. మాలిక్‌ను జూన్ నుంచి రమ్మన్నాడు.

మాలిక్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. కరీముల్లా ముందు సీటు వైపు వెళ్లలేదు. నడుం వంచి, పిల్లలు కూర్చునే వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. బండి నెమ్మదిగా ఊరివైపు కదిలింది. కాస్త దూరం పోయాక మౌలాబీ వెనక్కి తిరక్కుండానే, ఎప్పటిలా గొంతు పెంచకుండా, రేపు గుంటూరులో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామంది.

వెనక నుంచి జవాబు రాలేదు. ఇంజను మోత ఒక్కటే. తర్వాత కరీముల్లా ముందుకు వంగాడు.

"వినపడలేదు," అన్నాడు.

ఏడాదిలో ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదటిసారి. మౌలాబీ కొంగుతో కళ్లు తుడుచుకుని, సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, ఆయన ముఖంలోకి చూస్తూ మళ్లీ చెప్పింది.